పులిచింతాకు ముద్ర

తొమే అసూ,
బ్రెజిల్, 8 మార్చి 1992

మర్లీకి, అత్త రాసేది.

ఉత్తరాన్ని వాతావరణంతో మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది కాబట్టి చెబుతున్నాను, వాన. పొద్దున ఎండ, భోజనాలయ్యేసరికి వాన, నేను వల ఉయ్యాలలో ఓ కునుకు తీసి లేచేసరికి మళ్లీ ఎండ. ఏది కలో ఏది మెలకువో తెలియకుండా రోజులు జారిపోతున్నాయి. నిన్న కునుకులో మా అమ్మ వచ్చింది. మిరియాల సాళ్ల మధ్య నిలబడి, "బట్టలు తీశావా?" అనడిగింది. ఉలిక్కిపడి లేచి పరుగెత్తాను. తీగ మీద బట్టలన్నీ ముద్దయిపోయి ఉన్నాయి. పోయిన మనిషికి ఉన్న ధ్యాస బతికున్న నాకు లేదు.

ఇక అసలు సంగతి. మీ నాయనమ్మ పోయి ఏడాది దాటింది. నవంబరులో మృతుల దినం నాటికి సమాధి మీద రాయి నిలబెట్టాలని మీ నాన్న పట్టుబట్టాడు. ఇన్నేళ్లూ మీ తాత సమాధికి కొయ్య స్తంభమే గతి, వానలకి కుళ్లినప్పుడల్లా మారుస్తూ వచ్చాం. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే నల్లరాయి. బెలేం పట్నంలో సెవెరీనో అని ఒక రాతిపనివాడున్నాడు, అతను చెక్కుతాడు. పేర్ల పైన మన కజితాని వారి ఇంటి ముద్ర, వంశం గుర్తు, ఉండాలట. సంఘంలో అందరి రాళ్ల మీదా ముద్ర ఉంది, మన రాయి బోడిగా ఉంటే ఎలా అంటాడు. జపాను సంఘానికి అధ్యక్షుడయ్యాక మా తమ్ముడి మెడ కొంచెం బిగిసిందిలే, నువ్వు చూడలేదు.

మన దగ్గర ముద్ర ఉన్నది ఒక్కచోటే. మా అమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన నల్లపట్టు కిమోనో మీద. వీపు మధ్య ఒకటి, చేతుల వెనక రెండు, రొమ్ము మీద రెండు, నలుపు మీద తెల్లగా. ఏమిటనుకున్నావు, మూడు ఆకుల పులిచింతాకు. మిరియాల మొదళ్లలో మనం రోజూ పీకి పారేసే కలుపే. "వెతికి వెతికి గడ్డిపరకని తెచ్చుకున్నారా మీ వంశానికి?" అని మీ అమ్మ రైముండా పగలబడి నవ్వింది. నవ్వదూ మరి. నది ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ల పిల్ల, వంశం అంటే ఏమిటో తనకేం తెలుసు. చెడుగా అనలేదు, ఉన్నమాటే అన్నాను.

పలచటి కాగితం పరిచి ఆ ముద్రని దించి ఇందులో పెట్టాను. ఆకుల చుట్టూ గుండ్రటి గీత ఉండాలా వద్దా అన్నది నాకు తేలలేదు. నువ్వు ఒకసారి హిరోషిమా కొండల్లో మీ తాత పుట్టిన ఊరు వెళ్లి, కజితాని పెద్దింటివాళ్లకి ఇది చూపించి కనుక్కో. కాగితం మీద తప్పు రాస్తే కొట్టేసుకోవచ్చు, రాయి మీద చెక్కింది మనందరి తర్వాత కూడా ఉంటుంది.

తిండి మానకు. ఆ దేశంలో చలికి తినకపోతే ఎముకలు విరుగుతాయి.

మీ అత్త,
మిసావో

హమమత్సు,
జపాను, 2 ఏప్రిల్ 1992

అత్తా,

ఇక్కడ చెర్రీ పూలు రాలుతున్నాయి. ఫ్యాక్టరీ బస్సు అద్దానికి అతుక్కుని మాతో పాటే పనికి వస్తున్నాయి. వాతావరణం అయింది.

నాది ఇంకా రాత్రి షిఫ్టే. కారు తలుపులో అద్దాన్ని పైకీ కిందికీ నడిపే చిన్న యంత్రానికి మరలు బిగిస్తాను. పగలు నిద్రపోతుంటే కూడా నా వేళ్లు మరలు తిప్పుతున్నాయని గదిలో నాతో ఉండే సిదినేయా నవ్వుతుంది. ఏ వేళకి నిద్రపోతున్నానో ఏ వేళకి లేస్తున్నానో నాకూ అంతుపట్టదు, నీ ఉయ్యాల బతుకే నాదీ.

ఇక్కడివాళ్లు నా చొక్కా మీద కజితాని అన్న ఇంటిపేరు చదువుతారు, ముఖం చూస్తారు, మళ్లీ పేరు చదువుతారు. పేరు జపానుది, ముఖం అమ్మది. నేను నవ్వి ఊరుకుంటాను. అన్నట్టు అమ్మని ఏమైనా అనాలనుకుంటే నాకు రాయకు, వెళ్లి అమ్మతోనే అను. ఆవిడే చెబుతుంది నీకు సమాధానం.

మే మొదట్లో సెలవులున్నాయి, అప్పుడు వెళ్తాను. ముద్ర చూడగానే పెద్దింటివాళ్లు లేచి నిలబడి, "మా పిల్ల వచ్చింది" అంటారేమోనని మరలు బిగిస్తూ రోజూ ఊహించుకుంటున్నాను. నవ్వకు.

నీ మర్లీ

హమమత్సు,
9 మే 1992

అత్తా,

కొండలు, పొగమంచు. నాట్లకి నీళ్లు పెట్టిన మళ్లలో కొండలన్నీ తలకిందులుగా ఉన్నాయి. బస్సు దిగి నడుస్తుంటే నేల మీద నడుస్తున్నానో నీళ్లలో నడుస్తున్నానో తెలియలేదు. తాత ఊరు ఇంత అందంగా ఉంటుందని తాత ఒక్కసారి కూడా చెప్పలేదేం?

పెద్దింట్లో ఇప్పుడు ఒక ముసలాయన, ఆయన కోడలు ఉంటున్నారు. ఆయన తాతకి అన్న కొడుకు. వసారాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నీ కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు.

"ఇది మాది కాదమ్మా" అన్నాడు.

తప్పు చూశాడేమో అనుకుని కాగితం ఇటు తిప్పాను. ఆయన లేచి చెప్పులేసుకుని, నన్ను ఇంటి వెనక సమాధుల దగ్గరికి తీసుకెళ్లాడు. నాచు పట్టిన రాళ్లు. అన్నింటి మీదా ఒకటే ముద్ర, అడ్డంగా పెట్టిన రెండు డేగ ఈకలు.

"మాది ఇదీ. మా చిన్నాన్న యసుతారో బ్రెజిల్ పోయిన మాట నిజమే. కానీ ఈ ఆకు మా ఇంట్లో ఎవరి ఒంటి మీదా నేను చూడలా."

"నాయనమ్మ పెళ్లినాటి కిమోనో మీద ఉందండీ."

"ఉండొచ్చు. ఆ రోజుల్లో ఓడెక్కాలంటే ఇంట్లో కష్టం చేసేవాళ్లు ముగ్గురన్నా ఉండాలనేవాళ్లు. లేనోళ్లు పక్కింటి కుర్రాణ్ణి కొడుకన్నారు, ముక్కూముఖం తెలీని పిల్లని పెళ్లామన్నారు. కాగితం మీద అంతా కుటుంబమే. దిగాక ఎవరు ఎవరో ఎవరికి తెలుసు?"

ఇదంతా నా ముక్కు వైపు చూస్తూ చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. వచ్చేటప్పుడు కోడలు ఊరవేసిన పుల్లపండ్లు పొట్లం కట్టి ఇచ్చింది. మళ్లీ రమ్మని మాత్రం ఇద్దరూ అనలేదు.

కాబట్టి అత్తా, మనం కాగితం కజితానిలమేమో. తాత తాత కాదేమో, నాయనమ్మ ఆయన పెళ్లామే కాదేమో, అంతా ఓడ కోసం చేసిన సర్దుబాటేమో. సంఘం అధ్యక్షులవారికి నెమ్మదిగా చెప్పు. సెవెరీనోని ఉలి కింద పెట్టమను.

మర్లీ

తొమే అసూ,
4 జూన్ 1992

మర్లీ,

ఉత్తరం అందింది. రాతిపనివాడికి కబురు పంపి ఆపించాం. మీ నాన్న ఉయ్యాలలో గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు, సంఘానికి వెళ్లడం లేదు.

ఇక వెతకొద్దు. మా అమ్మ పుట్టిన దీవికి అసలే వెళ్లొద్దు. కాగితం కుటుంబం అన్న మాట ఎవరి ముందూ అనకు, నవ్వులాటకైనా సరే.

ఆరోగ్యం జాగ్రత్త.

మిసావో

హమమత్సు,
1 జులై 1992

అత్తా,

నీ ఉత్తరంలో వాతావరణం లేదు. కింద "మీ అత్త" అని కూడా లేదు. కవరు విదిలించి చూశాను, ఇంకో కాగితం ఉందేమోనని.

మొదట అనుకున్నాను, పెద్దింటాయన నా మీద ఏదైనా ఫిర్యాదు రాశాడేమోనని. నేను ప్యాంటు వేసుకుని వెళ్లాను. సమాధుల దగ్గర నీళ్లు పోయడం మరిచిపోయాను. తర్వాత అనుకున్నాను, ఆ వేళాకోళం నీకు నచ్చలేదని. తర్వాత రాత్రంతా మరలు బిగిస్తుంటే అసలు సంగతి తట్టింది.

నా ముఖం వల్లే కదూ? జపాను ముఖమున్న మనిషి ఆ కాగితం పట్టుకుని వెళ్తే ఆయన చూసే చూపే వేరు, అవునవును మాదేననేవాడు. ఈ ముఖం చూసి కాదన్నాడు. నీ కొడుకుల్లో ఒకడిని పంపాల్సింది, రైముండా కూతుర్ని పంపి పొరపాటు చేశాను అనుకుంటున్నావు. అనుకోవడం నీ తప్పేం కాదు. నాకూ ఆ వసారాలో అలాగే అనిపించింది.

అందుకే దీవికి వెళ్తున్నాను. ఆగస్టులో పితరుల పండగకి ఫ్యాక్టరీ మూస్తారు. వద్దన్నావు, తెలుసు. అక్కడ కూడా కాదంటే ఇంక నేనెవరినీ అడగను.

నీకిష్టమైన ఎండు సముద్రపు నాచు వేరే పంపాను. చెమ్మ తగలకుండా డబ్బాలో పెట్టుకో.

మర్లీ

తొమే అసూ,
24 జులై 1992

మర్లీకి, మీ అత్త రాసేది.

వానలు తగ్గాయి. నది దిగిపోయి ఇసుక బయటపడింది. చూశావుగా, పద్ధతిగా మొదలుపెట్టాను. నాకు నీ మీద కోపం లేదు.

పిచ్చిదానా, గొడవ నీ ముఖంతో కాదు, నా ముఖంతో.

నేను మా అమ్మకి పెళ్లయిన ఏడో నెలలో పుట్టాను. "నీకు మొదటి నుంచీ తొందరే" అని అమ్మ నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. నీ మే నెల ఉత్తరం చదివిన రోజు ఆ నెలలు వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాను. పెళ్లయిన ఆడదాని కిమోనో మీద మొగుడింటి ముద్ర ఉంటుంది. ఇక్కడి ముసలమ్మలందరికీ అంతే, నాకూ అంతే. మా అమ్మ ఒంటి మీది ముద్ర కజితాని వాళ్లది కాకపోతే మరి ఎవరిది? మా నాన్నకంటే ముందు ఇంకో మొగుడు ఉండి ఉండాలి. ఆ పులిచింతాకు వాళ్లింటి పిల్లని నేను. ఓడెక్కడానికి పెళ్లాం అవసరమై మా నాన్న మమ్మల్ని తల్లీబిడ్డలని వెంట తెచ్చుకుని ఉంటాడు.

అరవై దాటాక నాన్న ఎవరని ఏడవడం ఏమిటని నువ్వు అనొచ్చు. నేనూ అనుకుంటున్నాను. అయినా ఏడుపొస్తోంది. మిరియాల తీగ ముక్క కోసి నాటడం నాన్న తమ్ముడికి దగ్గరుండి నేర్పించాడు, నాకెందుకు నేర్పలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. నేనే నేర్చుకోనని పారిపోయి ఉండొచ్చు. అలాంటివి మాత్రం గుర్తురావు.

ఇంకో పని కూడా చేశాను. మీ నాన్న ఏ రోజో ఉయ్యాల దిగి, ఆ కిమోనో చంకన పెట్టుకుని సంఘంలో పెద్దల దగ్గరికి పోయి, ఇది ఎవరి ముద్రో తేల్చండి అంటాడని భయం పట్టుకుంది. మా అమ్మని అంతమంది మగాళ్లు బల్ల మీద పరిచి చూస్తారన్న మాట. అది నేను పడలేను. పెరట్లో జెనిపాపు చెట్టు కాయలతో ఉంది. ఇక్కడి అడవుల్లో ఉండే తెంబే తెగవాళ్లు ఒంటి మీద బొమ్మలు దిద్దుకునేది ఆ పచ్చికాయ రసంతోనే. పిండితే నీళ్లలా ఉంటుంది. కుంచె పెట్టి ముద్రలన్నింటి మీదా పూశాను. ఏమీ కాలేదు. తెల్లటి ఆకులు తడితడిగా అలాగే ఉన్నాయి. ఆ క్షణంలో నీళ్లలో ముంచి ఉంటే వదిలిపోయేదేమో. నేను ముంచలేదు, పక్కన కూర్చుని చూశాను. సాయంత్రానికి మబ్బు రంగుకి తిరిగాయి. దీపాలు పెట్టే వేళకి నలుపులో నలుపు.

అప్పటి నుంచి కునుకులో అమ్మ వస్తూనే ఉంది కానీ ముఖం చూపించడం లేదు. మిరియాల సాళ్లలో నాకు ముందు నడుస్తుంటుంది, వీపంతా వట్టి నలుపు. పిలుద్దామంటే ఈమె మా అమ్మేనా అని సందేహం వస్తుంది. పిలవకుండానే మెలకువ వచ్చేస్తోంది.

దీవికి వెళ్లకు. వాళ్లు ఏం చెబుతారో వినే ధైర్యం నాకు లేదు. ఫోను చేద్దామంటే సంఘం ఆఫీసులో తప్ప లేదు, అక్కడ గోడ పక్కన కుర్చీలన్నీ చెవులే. ఈ ఉత్తరం నువ్వు బయలుదేరే లోపు అందాలని దేవుళ్లందరికీ మొక్కుతున్నాను, మీ అమ్మ మొక్కే నాజరే మాతకి కూడా.

మీ అత్త,
మిసావో

హమమత్సు,
18 ఆగస్టు 1992

అత్తా,

వెళ్లాను. తిట్టేముందు మొత్తం చదువు.

పడవ చిన్నది. సముద్రం అద్దంలా పడుకుని ఉంది, ఎండపొగలో దీవులు ఒకటొకటే తేలి వస్తున్నాయి, పోతున్నాయి. నేను కునికిపాట్లు పడుతున్నాను. రేవులో దిగాక టిక్కెట్లు అమ్మే ఆవిడని నాయనమ్మ పుట్టింటి పేరు చెప్పి అడిగాను, ఒకియామా కివ వాళ్లిల్లు ఎక్కడని.

"ఈ దీవిలో సగం మంది ఒకియామాలే. ఏ కివ?"

"బ్రెజిల్ వెళ్లిపోయిన కివ."

ఆవిడ టిక్కెట్ల కిటికీ మూసేసి తనే నన్ను తీసుకెళ్లింది. నాయనమ్మ చెల్లెలు ఇంకా ఉంది అత్తా. పేరు మినె. నీకు పిన్ని అవుతుంది. నడుం బాగా వంగిపోయింది, నోరు మాత్రం నిటారుగా ఉంది. గడప దగ్గర కూర్చుని ఎండు చేపల్లో రాళ్లు ఏరుతోంది. నేను ఎవరినో చెప్పాను. ముఖం చూసింది. నీ కాగితం తీశాను. చేతులు తుడుచుకున్నాక గానీ తీసుకోలేదు.

"ఇది మాదేగా" అంది.

"ఒకియామా వాళ్ల ఇంటి ముద్రా?"

"ఒకియామా వాళ్లకేం సంబంధం? అది మా నాన్న ఇల్లు, వాళ్లది వేరే. ఇది మా అమ్మది. మా అమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది, ఆవిడకి వాళ్లమ్మ. ఆడోళ్లది. మగోళ్లకి ఇందులో వాటా లేదు."

"మరి పెళ్లయ్యాక మొగుడింటి ముద్ర వేసుకోరా?"

"ఎందుకేసుకోవాలి? ఆ కొండలోళ్లు వేసుకుంటారేమో. పెళ్లిలో మా అక్క అత్తగారు ఇదే గోల పెట్టింది, మా డేగ ఈకలు ఏవీ అని. మా అక్క వింటేగా. కాపరానికి వస్తున్నా గానీ మా అమ్మని మార్చుకోవటానికి రాలేదందంట."

లోపలికి వెళ్లి తన నల్ల కిమోనో తెచ్చి చూపించింది. అవే ఆకులు అత్తా. చుట్టూ గీత లేదు. ఇటువైపు దీవుల్లో, రేవుల్లో చాలా ఇళ్లలో ఇదే పద్ధతట. కొండల్లో ముసలాయనకి ఎలా తెలుస్తుంది, ఆడవాళ్ల పెట్టెలు ఆయనెప్పుడు తెరిచాడు. తాత కజితాని యసుతారోనే. పెళ్లికి డేగ ఈకల కోటు వేసుకుని పడవ దిగాడట, మినె చిన్న నాయనమ్మ రేవులో నిలబడి చూసిందట.

నీ గురించి కూడా అడిగింది. "మిసావో ఇంకా ఉందా? నమ్మలేకపోతున్నానే" అంది. ఎందుకంటే అప్పటికి పురుటి సమయమే కాదట. నాయనమ్మ వరికోతల పండగ చూసి పోదామని పుట్టింటికి వచ్చి, గుడి మెట్ల మీద జారిపడిందట. "ఇంత ముల్లంగి దుంపంత పుట్టింది. దూదిలో చుట్టి అన్నం బుట్టలో పెట్టి పొయ్యి పక్కన ఉంచాం. వేడినీళ్ల సీసా మార్చడం నా పని, నాకప్పుడు పదేళ్లు. మీ తాత కబురందుకుని వచ్చి బుట్టలోకి చూసి, 'ఇది బతుకుద్దా?' అని గుడ్లనీళ్లు కుక్కుకున్నాడు. ఆ మొరటు మనిషి ఏడవటం మేమందరం తలుపు సందులోంచి చూశాం" అని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

తర్వాత నన్నడిగింది, "మీ అమ్మ ముద్ర ఏంటి?" అని.

మా అమ్మకి లేదన్నాను.

"అయితే నీకూ లేదు. ఇది కొడుకు కూతురికి రాదు. మిసావోకి ఆడపిల్లలా?"

ఇద్దరూ కొడుకులే అన్నాను.

"అయితే మా అక్క వైపు అయిపోయినట్టే" అని మళ్లీ చేపలు ముందేసుకుంది. కటువుగా అనలేదు. సాయంత్రం అన్నంలోకి పెద్ద చేప నాకే పెట్టింది, పడుకునేటప్పుడు పక్క తన పక్కనే వేసింది. ఇక్కడ ఎవరూ నా ముఖం సంగతే ఎత్తలేదు. కాదన్న చోట ఇంత బాధపడలేదు గానీ ఔనన్న చోట బాధేసింది అత్తా. ముద్ర ఎక్కడిదో తెలిసింది, నాయనమ్మ ఇల్లు దొరికింది, అంతా దొరికాక అది నా దాకా రాదని తెలిసింది. తిరుగు పడవలో దీవి పొగలో కలిసిపోయే దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

నాన్నని ఉయ్యాల దిగమని చెప్పు.

మర్లీ

తొమే అసూ,
3 నవంబరు 1992

మర్లీకి, మీ అత్త రాసేది.

ఎండ. నిన్న మృతుల దినం, సమాధుల దగ్గర కొవ్వొత్తులు ఎండకే వంగిపోయాయి. ఇన్ని రోజులు నీకు రాయలేదు, రాయి నిలబడ్డాక రాద్దామని ఆగాను. నా జులై ఉత్తరం నువ్వు దీవి నుంచి వచ్చాక గానీ అందలేదంటూ మధ్యలో నువ్వు రాసిన రెండో ఉత్తరం కూడా చేరింది. నా తెలివికి నువ్వూ పిన్నీ ఫోనులో కలిసి నవ్వుకున్నందుకు కోపం లేదు. బంగారం లాంటి మా అమ్మకి లేని మొగుణ్ణి కట్టబెట్టి, నెలల తరబడి కుమిలిపోయాను. నవ్వండి, నవ్వాల్సిన పనే చేశాను.

బుట్టలోకి చూసి మా నాన్న ఏడ్చాడన్న చోట మాత్రం చదవడం ఆపేశాను. బయటికి వెళ్లి తోటంతా ఒకసారి తిరిగొచ్చి మిగతాది చదివాను. ఆయన ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. నేను చూడలేని వయసులో నా కోసమే ఏడ్చాడన్న మాట. ఇప్పుడు నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ఒక్క వంకా మిగల్లేదు.

మీ నాన్న ఉయ్యాల దిగాడు. దిగగానే పేచీ. రాయి మీద డేగ ఈకలు ఒక్కటే ఉండాలన్నాడు. "ఒకే రాయి మీద రెండు ముద్రలు ఎక్కడైనా చూశావా అక్కా?" అన్నాడు. "చూడలేదు, రేపట్నుంచి చూస్తాను" అన్నాను. ఇంటి పేరు పైన డేగ ఈకలు, మా అమ్మ పేరు పైన పులిచింతాకు, చుట్టూ గీత లేకుండా. సంఘంలో వాళ్లు వచ్చి గుసగుసలాడి వెళ్లారు. అధ్యక్షులవారు వాళ్లందరికీ ఆడవాళ్ల ముద్ర గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు, పుట్టినప్పటి నుంచీ తనకి తెలిసినట్టు.

ఇక మా అమ్మ వైపు అయిపోయిందని పిన్ని అన్న మాట. అది నాకు నిద్ర పట్టనివ్వలేదు. నువ్వు పడవలో వెనక్కి చూస్తూ కూర్చున్నావని రాశావు కదా, అది అసలే పట్టనివ్వలేదు. ముద్ర తల్లి నుంచి కూతురికి వస్తుంది. నీకు రావాలంటే మీ అమ్మకి ఉండాలి. మీ అమ్మకి ఉండాలంటే తల్లి లాంటిది ఎవరో ఒకరు ఇవ్వాలి. మా అమ్మ ఇవ్వలేదు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి రైముండాని పేరు పెట్టి పిలవలేదు, ఎప్పుడూ మీ నాన్న పేరు పెట్టి "ఇవావో పెళ్లాం" అనేది. మంచాన పడ్డాక ఒళ్లు తుడిచిందీ, గంజి తాగించిందీ ఆ ఇవావో పెళ్లామే. నేను మాత్రం తక్కువదాన్నా, నీకు రాసిన ఉత్తరాలు తీసి చూసుకో.

పోయిన వారం కిమోనో పట్టుకుని మీ వంటింటికి వెళ్లాను. మీ అమ్మ పెద్ద పెనం మీద కర్రపెండలం పిండి వేయిస్తోంది.

"రైముండా, ఇలా రా, పనుంది."

"చేతినిండా పిండి వదినా. అక్కడి నుంచే చెప్పు."

"నువ్వు నాకు కూతురివి కావాలి."

తెడ్డు ఆపి చూసింది. "ఎండలో గానీ తిరిగావా? ఈ వయసులో నన్నెలా కంటావు?"

అంతా విడమరిచి చెప్పాను. జెనిపాపు సంగతి కూడా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్క వేళాకోళం ఆడలేదు, మీ అమ్మ అంతసేపు ఊరుకోవడం నేనెరగను.

"అత్తగారు లేచొచ్చి తంతుంది" అంది చివరికి.

"తంతే నన్ను తంతుంది. ఇచ్చేది నేను."

"మరి మర్లీకి వస్తుందా?"

"నీకుంటే వస్తుంది."

మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. "అయితే పద" అంది.

మా ఇంట్లో అమ్మానాన్నల పీఠం ముందు పక్కపక్కన కూర్చున్నాం. అగరుబత్తి వెలిగించి గంట కొట్టి, "అమ్మా, నాకు కూతురు పుట్టలేదు. రైముండాని కూతురిగా పెట్టుకుంటున్నాను. నీ ముద్ర ఈమెకి ఇస్తున్నాను" అని పైకే చెప్పాను. మీ అమ్మ చేతులు జోడించింది, మళ్లీ ఎందుకైనా మంచిదని శిలువ గుర్తు వేసుకుంది. కిమోనో భుజాల మీద వేశాను. మీ అమ్మ భుజాల సంగతి తెలుసుగా, సగమే పట్టింది. గుమ్మంలోకి వెళ్లి వెలుతురులో నిలబడింది. పాత పట్టు ఎర్రబారింది, నేను పూసింది నీలిగా తిరిగింది, అందుకని ఆ వీపు మీద ఆకులు మూడూ కనిపించాయి. కళ్లు నలుపుకుని దగ్గరికెళ్లి చూశాను, ఉన్నాయి.

ఈలోగా మీ వంటింటి వైపు నుంచి మాడువాసన వచ్చింది. "అయ్యో, నా పిండి" అంటూ కిమోనోతోనే పరుగెత్తింది.

డిసెంబరు సెలవుల్లో దీవికి మళ్లీ వెళ్తానన్నావు కదా. పిన్నికి నా దండాలు చెప్పు. మీ అమ్మ ముద్ర ఏమిటని అడిగితే పులిచింతాకని చెప్పు.

మీ అత్త, మీ అమ్మమ్మ,
మిసావో